లోరా మాడ్యూల్ 150 మీటర్లు దాటట్లేదు. బాయికాడికి 1.4 కిలోమీటర్లు పోవాలి. సిగ్నల్ ఎక్కడ పోతోంది?

తిప్పర్తి_తోట:

అందరికీ నమస్తే. మాది నల్లగొండ జిల్లా, తిప్పర్తి దగ్గర ఊరు. ఈసీఈ డిప్లొమా చేసి నల్లగొండలో సెల్‌ఫోన్ రిపేరు షాపులో పనిచేస్తున్నాను. చదువుకునేటప్పుడు స్మిత్ చార్ట్ దాకా బట్టీ పట్టాను కానీ, రేడియో సర్క్యూట్ చేత్తో కట్టడం ఇదే మొదటిసారి.

మాకు నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. బోరు ఇంటికి 1.4 కిలోమీటర్ల దూరం. రాత్రి కరెంటు పోయి వస్తే మోటర్ ఆగిపోతుంది, మళ్లీ పోయి వేయాలి. ఆటో స్టార్టర్ పెడదామంటే నాయిన ఒప్పుకోడు. కరెంటు రాగానే అందరి మోటర్లూ ఒకేసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుందని ఆయన మాట, అది నిజమే. నాయినకు 63 ఏళ్లు. పోయిన వానాకాలం అర్ధరాత్రి టార్చి పట్టుకుని పోతుంటే గట్టు మీద రక్తపింజర. ఒక్క అడుగు తేడాలో బయటపడ్డాడు. అప్పటి నుంచి నాయిన మోటర్ కాడికి పోయి వచ్చేదాకా అమ్మ గడపలోనే కూర్చుంటోంది. సిమ్ కార్డు స్టార్టర్ పెట్టి చూశాం. బోరు గుట్ట వెనక పల్లంలో ఉంది, అక్కడ టవర్ అందదు.

అందుకే ఈఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలర్ బోర్డుకు ఎస్ఎక్స్1276 చిప్ ఉన్న లోరా మాడ్యూల్ (తక్కువ పవర్‌తో చాలా దూరం చిన్న మెసేజ్‌లు పంపే రేడియో) కలిపి రెండు సెట్లు కట్టాను, ఒకటి ఇంటికి, ఒకటి బోరుకు. పవర్ 17 డీబీఎం (దాదాపు 50 మిల్లీవాట్లు), స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ (పెంచితే మెసేజ్ నెమ్మదిగా పోతుంది కానీ దూరం అందుతుంది) 7. కోడ్ ఉదాహరణలో ఉన్నట్టే 915 మెగాహెర్ట్జ్ ఉంచాను. యాంటెన్నాలు మాడ్యూల్‌తో రాలేదు, విడిగా కొన్నాను. షాపతను "మర ఒకటే, ఏదైనా పడుతుంది" అన్నాడు, నిజంగానే సరిగ్గా బిగిసింది. టేబుల్ మీద మీటరు దూరంలో పెడితే ఆర్ఎస్ఎస్ఐ (అందే సిగ్నల్ బలం, సున్నాకు దగ్గరయ్యేకొద్దీ ఎక్కువ) −71. ఒక్క మెసేజ్ కూడా తప్పిపోలేదు కాబట్టి బాగుందనుకున్నాను. తీరా బండి మీద ఒకటి పట్టుకుని బయల్దేరితే బొడ్రాయి దాటేసరికి −120 దాటిపోయి ఆగిపోయింది. అంటే 150 మీటర్లే.

ఇంకా మూడు సంగతులు అడగాలి. ఇంటి మీద యాంటెన్నా ఎత్తులో పెట్టాలంటే 10 మీటర్ల కేబుల్ కావాలి. ఇంట్లో డిష్ కేబుల్, అదే ఆర్‌జీ-6 చుట్ట ఉంది. కానీ అది 75 ఓమ్‌లు, మాడ్యూల్ 50 ఓమ్‌లు. ఆర్‌జీ-58 కొనాలా? బోరు దగ్గర మాడ్యూల్‌ను స్టార్టర్ రేకు డబ్బాలోనే పెడదామనుకుంటున్నాను, సరేనా? కాంటాక్టర్ (మోటర్‌కు కరెంటు కలిపే పెద్ద స్విచ్) పడినా, విడిపోయినా ఈఎస్‌పీ రీసెట్ అవుతోంది. సప్లై దగ్గర 100 నానోఫారడ్ కెపాసిటర్ వేశాను, అయినా ఆగలేదు.

దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి. వానాకాలం లోపు ఇది పనిచేయాలి.


సర్క్యూట్_బాబు:

బ్రో, పవర్ 20 డీబీఎం పెట్టు. అప్పటికీ రాకపోతే 1 వాట్ బూస్టర్ దొరుకుతుంది, మధ్యలో పెట్టేయ్. నేను అట్లాగే చేశాను.


జడ్చర్ల_బెంచ్:

తమ్ముడూ, బూస్టర్ జోలికి ఇప్పుడే పోకు. నువ్వు రాసినదాంట్లో అసలు సంగతి ఆ −71 దగ్గరే ఉంది. బాగుందనుకుని దాటిపోయావు.

లెక్క చూడు. పంపేది 17 డీబీఎం. ఈ ఫ్రీక్వెన్సీలో మీటరు దూరం గాలిలో పోయేది దాదాపు 31 డీబీ. అంటే −14 చుట్టుపక్కల రావాలి. అంత దగ్గర్లో ఆర్ఎస్ఎస్ఐ కచ్చితంగా చూపించదు కాబట్టి −20 అనుకుందాం, −30 వచ్చినా ఒప్పుకుంటాను. నీకు −71. సుమారు 50 డీబీ మాయం. 50 డీబీ అంటే లక్షలో ఒక వంతు. లక్ష లీటర్ల ట్యాంకు నిండా నీళ్లుండి నల్లా దగ్గర లీటరే వస్తుంటే మోటర్ పెద్దది కొనం కదా, పైపు ఎక్కడ పూడుకుందో చూస్తాం. పైగా బూస్టర్ నువ్వు పంపేదాన్నే పెంచుతుంది. వినేవైపు చెవి మూసుకుపోయి ఉంటే దానికేం లాభం?

ఇప్పుడు ఒక పని చెయ్యి. రెండు యాంటెన్నాలూ విప్పి ఫోన్ టార్చి వేసి లోపల చూడు. నీ బోర్డు మీది కనెక్టర్ ఎస్ఎంఏ అయితే బయట మర ఉంటుంది, నడుమ సన్నటి బెజ్జం ఉంటుంది. దానికి పెట్టే యాంటెన్నాకు లోపలివైపు మర, నడుమ బంగారు రంగు సూది ఉండాలి. నీ యాంటెన్నాలో సూది బదులు బెజ్జం కనిపిస్తే అది వైఫై రూటర్లకు వాడే ఆర్‌పీ-ఎస్ఎంఏ. మర అచ్చం ఒకటే. చేతికి గట్టిగా బిగిసినట్టే తగులుతుంది, కానీ రెండు బెజ్జాలు ఎదురెదురుగా ఉండి నడుమ తీగ ఎక్కడా కలవదు. కొన్నవాళ్లు ఇష్టమొచ్చిన పెద్ద యాంటెన్నా తగిలించకుండా కనెక్టర్ వేరుగా ఉండాలని అమెరికాలో ఎఫ్‌సీసీ (అక్కడి రేడియో నియంత్రణ సంస్థ) నిబంధన పెడితే, కంపెనీలు సూదిని అటుది ఇటు మార్చి ఈ రకం తెచ్చాయి. రెండు చివర్లా ఇదే ఉంటే చెరి పాతిక డీబీ పోవడం నాకు ఆశ్చర్యం కాదు.

ఇంకోటి, రూటర్ యాంటెన్నా 2.4 గిగాహెర్ట్జ్‌కు చేసింది. దాని పావు తరంగం 3 సెంటీమీటర్లు. నీకు కావాల్సింది 8 సెంటీమీటర్ల పైన. సూది కలిసినా అది నీకు పనికిరాదు. యాంటెన్నా సరిగ్గా లేకుండా పవర్ పెంచడం కూడా మంచిది కాదు. ఈ చిప్ డేటాషీట్‌లోనే ఉంది: 20 డీబీఎం వాడితే వీఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా కుదరక సిగ్నల్ ఎంత వెనక్కి తిరిగొస్తుందో చెప్పే అంకె) 3 దాటకూడదు, నూటికి ఒక వంతు సమయమే పంపాలి.

కోడ్‌లో 915 వెంటనే మార్చు. అది అమెరికా బ్యాండ్. మన దేశంలో 890 నుంచి 915 దాకా సెల్‌ఫోన్లు టవర్‌తో మాట్లాడే చోటు, నువ్వు దాని గట్టు మీద నిలబడి అరుస్తున్నావు. 2005లో మనకు 865–867 మెగాహెర్ట్జ్ లైసెన్స్ లేకుండా వాడుకోవడానికి ఇచ్చారు, 2021 రూల్స్‌తో అది 868 దాకా పెరిగింది. 865.4025 పెట్టుకో, లోరావాన్ (లోరా నెట్‌వర్క్ ప్రమాణం) ఇండియా ప్లాన్‌లో ఉన్న మూడు ఛానళ్లలో అదొకటి. మాడ్యూల్ కూడా 868 రకమేనా చూడు. చిప్ ఒకటే అయినా 433 మెగాహెర్ట్జ్ బోర్డు మీద మ్యాచింగ్ కాయిళ్లు, కెపాసిటర్లు వేరుగా ఉంటాయి. దాన్ని 865లో వాడితే మళ్లీ ఇదే గోస.

కెపాసిటర్ గురించి కొంచెం పెద్దగా రాస్తాను, ఎందుకంటే నా మొదటి ఏడాదంతా దీని మీదే పోయింది. మా నాన్న మహబూబ్‌నగర్ క్లాక్‌టవర్ దగ్గర రేడియో మెకానిక్. ట్రాన్సిస్టర్ సెట్లు విప్పి నా ముందు పెట్టేవాడు. కెపాసిటర్ కాళ్లు పొడుగ్గానే ఉంచి సోల్డర్ చేసేవాడు, రేపు మళ్లీ విప్పాల్సి వస్తే కాలు మిగలాలని. హైదరాబాద్ 'ఎ' కేంద్రం 738 కిలోహెర్ట్జ్‌లో వస్తుంది. ఆ ఫ్రీక్వెన్సీకి సెంటీమీటరు కాలు అసలు లెక్కలోకే రాదు, నాన్న చేసింది తప్పు కాదు. నేను అదే చేత్తో హైదరాబాద్‌లో ఆర్ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) బెంచ్ మీద కూర్చున్నాను. నాకిచ్చిన ఫిల్టర్ మూడు రోజులైనా ట్యూన్ కాలేదు. నాలుగో రోజు మా సీనియర్ మేడమ్ వచ్చి ఏమీ మాట్లాడకుండా కటింగ్ ప్లయర్ తీసుకుని, నేను పెట్టిన కెపాసిటర్ తీసి కాళ్లు మొదలంటా కత్తిరించి మళ్లీ అతికించింది. స్క్రీన్ మీద గీత నా కళ్లముందే పక్కకు జరిగి చోటులో కూర్చుంది.

తీగ మిల్లీమీటరుకు ఉజ్జాయింపుగా ఒక నానోహెన్రీ అనుకో. సెంటీమీటరు కాలు 10 నానోహెన్రీలు. 738 కిలోహెర్ట్జ్‌లో దాని అడ్డు 0.05 ఓమ్ కూడా ఉండదు. అదే కాలు 866 మెగాహెర్ట్జ్‌లో 54 ఓమ్‌లు! నీ సిస్టమ్ మొత్తం 50 ఓమ్‌లది, నువ్వు కత్తిరించకుండా వదిలిన కాలు ఒక్కటే అంతకంటే ఎక్కువ. ఇక్కడ తీగ, పిన్ను, సోల్డర్ బొట్టు ఏదీ ఊరికే ఉండదు తమ్ముడూ, అన్నీ సర్క్యూట్‌లో భాగమే.

నీ 100 నానోఫారడ్ సంగతీ ఇదే. చిన్న చిప్ కెపాసిటర్‌లోనూ అర నానోహెన్రీకి అటుఇటుగా ఇండక్టెన్స్ ఉంటుంది. 100 నానోఫారడ్‌ది సుమారు 20 మెగాహెర్ట్జ్ దగ్గర రెజొనెన్స్, ఆ పైన అది కాయిల్‌లా ప్రవర్తిస్తుంది. 866 దగ్గర పనిచేయాలంటే 47 పికోఫారడ్ కావాలి, సీ0జీ రకం (వేడికి విలువ మారని సిరామిక్) తీసుకో. నువ్వు చెప్పిన రీసెట్‌ను ఈ చిన్న కెపాసిటర్లు ఆపలేవు, సప్లై ఒక్కసారిగా కుంగుతుండొచ్చు. దానికి 470 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్ కావాలి. మూడూ పెట్టు, 47 పికో మాడ్యూల్ సప్లై కాలికి ఆనుకుని ఉండాలి, 100 నానో దాని పక్కన, పెద్దది కాస్త దూరమైనా పర్లేదు. కాంటాక్టర్ వైపు ఏం చేయాలో మోటర్లు తెలిసినవాళ్లు చెబితే మంచిది.

కేబుల్ విషయంలో నా జవాబు నీకు వింతగా ఉండొచ్చు. 10 మీటర్లకు నీ డిష్ కేబులే నయం. ఈ ఫ్రీక్వెన్సీలో ఆర్‌జీ-58 మీటరుకు అర డీబీ తినేస్తుంది, 10 మీటర్లకు 5 డీబీ, అంటే మూడింట రెండు వంతులు కేబుల్‌లోనే వేడిగా పోతుంది. ఆర్‌జీ-6 అయితే మొత్తం మీద 2 డీబీ. 75కి 50 కలిపినందుకు వీఎస్‌డబ్ల్యూఆర్ 1.5, వెనక్కి తిరిగొచ్చేది నూటికి 4 వంతులే, నష్టం 0.2 డీబీ లోపు. 75 ఓమ్‌ల కేబుల్‌లో నష్టం కూడా తక్కువే. లోపల గాలి ఉన్న కోయాక్స్‌లో (నడుమ తీగ, చుట్టూ జల్లెడ ఉన్న ఇలాంటి కేబుల్‌లో) నష్టం అన్నిటికంటే తగ్గేది 77 ఓమ్‌ల దగ్గర, ఎక్కువ పవర్ మోసేది 30 దగ్గర. 50 ఆ రెండింటి నడుమ రాజీ. డిష్ కేబుల్‌తో చిక్కల్లా దాని అల్యూమినియం జల్లెడకు సోల్డర్ పట్టదు, ఎఫ్ కనెక్టర్ నొక్కి ఎస్ఎంఏ అడాప్టర్ పెట్టుకోవాలి.

కానీ నా ఇంట్లో అయితే ఈ కేబులే వేయను. మాడ్యూల్‌నే ప్లాస్టిక్ జంక్షన్ బాక్సులో పెట్టి పైపు మీదికి ఎక్కిస్తాను, కింది నుంచి 12 వోల్టులు పంపి పైన తగ్గించుకుంటాను. డీసీకి పది మీటర్లు ఒక లెక్క కాదు.

రేకు డబ్బాలో మాత్రం పెట్టొద్దు. యాంటెన్నా బయటికి రావాల్సిందే.


దేవరకొండ_వైండింగ్:

జడ్చర్ల మేడమ్ మంచిగ చెప్పిన్రు. కాంటాక్టర్ సంగతి నేను చెప్తాను, ఇరవై రెండేళ్లుగా సబ్‌మెర్సిబుల్ వైండింగ్, స్టార్టర్ల పని నాది.

కాంటాక్టర్ కాయిల్ ఆఫ్ అయినప్పుడు వెనక్కి కొడుతుంది, నీ చిన్న బోర్డు ఆ దెబ్బకే లేచిపోతోంది. కాయిల్ కొసల మీద 100 ఓమ్, 0.1 మైక్రోఫారడ్ సిరీస్‌లో కలిపిన స్నబ్బర్ (ఆ దెబ్బను మింగే జత) పెట్టు. ముందు కాయిల్ మీద ఏం రాసుందో చూడు. 230 వోల్టుల కాయిల్ అయితే 275 వోల్ట్ ఏసీ ఎక్స్2 (మెయిన్స్ మీద వాడే రకం) కెపాసిటర్ చాలు. మన బోర్ల దగ్గర ఎక్కువ 415 వోల్టుల కాయిళ్లే, దానికి 275ది పెడితే పేలుతుంది, 440 వోల్ట్ ఏసీ రేటింగ్‌ది కావాలి. బోర్డుకు వచ్చే వైర్లు మోటర్ వైర్లతో కలిపి ఒకే పైపులో దూర్చకు.

ఇంకొక ముఖ్యమైన మాట. నీ రిలేలు స్టార్టు బటన్‌కు పారలల్‌గా ఒకటి, స్టాప్ బటన్‌కు సిరీస్‌లో ఒకటి, అంతే. ఓవర్‌లోడ్ రిలే, సింగిల్ ఫేజ్ ప్రివెంటర్, డ్రై రన్, మోటర్‌ను కాపాడే వీటిని దాటేసి నేరుగా కాయిల్‌కు కలపకు. బోర్డు చెడిపోయినా మోటర్ మిగలాలె. లోపల పని చేసేటప్పుడు ఫ్యూజులు తీసి జేబులో వేసుకో. బాయికాడ ఒక్కడివే ఉంటావు.


తిప్పర్తి_తోట:

మేడమ్, అన్నా, ఇద్దరికీ దండాలు. పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను, ఒక్కొక్కటే చేసి చూసి రాద్దామని ఆగాను.

రెండు యాంటెన్నాల్లోనూ సూది లేదు. మేడమ్ చెప్పినట్టు టార్చి వేస్తే బెజ్జమే కనిపించింది. ఆదివారం కోఠి గుజరాతీ గల్లీకి పోయి, ఒక్కొక్కటి మూత విప్పి సూది చూసి, 868 అని రాసి ఉన్నవే తెచ్చాను. ఫ్రీక్వెన్సీ 865.4025కి మార్చాను. ఇంకేం ముట్టుకోలేదు. టేబుల్ మీద −22 వచ్చింది. ముందు −71! బొడ్రాయి దగ్గర −67. రాత్రి పదిన్నరకు ఊరి చివర నిలబడి ఆ అంకెలు చూస్తుంటే చేతులు వణికాయి.

బోరు దగ్గర షెడ్డు గోడ ఎత్తులో −109. అప్పుడప్పుడు మెసేజ్ తప్పిపోతోంది. అప్పుడు ఖాళీ జాగాలో ఎంత రావాలో టేబుల్ మీద వచ్చిన −22ను బట్టి నేనే లెక్క కట్టుకున్నాను. 1.4 కిలోమీటర్లకు −85 దాకా రావాలి. చూపు తిన్నగా లేదు, నడుమ గుట్ట అంచు, మా బత్తాయి చెట్లు, రెండు తాటిచెట్లు. ఫ్రెనెల్ జోన్ (సిగ్నల్ దారి చుట్టూ ఖాళీగా ఉండాల్సిన చోటు) లెక్క వేస్తే సగం దూరంలో 11 మీటర్ల వ్యాసార్థం వచ్చింది, నేను నాలుగు మీటర్ల చెట్ల నడుమ నుంచి పంపుతున్నాను. షెడ్డుకు 6 మీటర్ల జీఐ పైపు కట్టి మాడ్యూల్‌ను జంక్షన్ బాక్సులో పైకి ఎక్కించాను. −96. స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ 9కి మార్చాను. నాలుగు రాత్రులు ప్రతి రెండు నిమిషాలకు ఒక మెసేజ్ పంపి లెక్కపెట్టాను, రాత్రికి ఒకటో రెండో తప్ప అన్నీ అందాయి, అవి కూడా రెండోసారి పంపితే అందాయి. పవర్ 17 నుంచి 14కి తగ్గించాను కూడా.

స్నబ్బర్ పెట్టాక రీసెట్ ఒక్కసారి కూడా కాలేదు. మా కాయిల్ 415దే అన్నా, మీరు చెప్పకపోతే 275ది పెట్టేసేవాణ్ని.

మోటర్ వైరుకు కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ తగిలించి ఆంపియర్లు కూడా ఇంటికి పంపిస్తున్నాను. మొన్న రాత్రి కరెంటు పోయి ఒంటిగంటకు వచ్చింది. నాయిన లేచి చెప్పుల కోసం చూస్తుంటే నేను బటన్ నొక్కాను. రెండు సెకన్లకు డిస్‌ప్లే మీద 8.6 పడింది. నాయిన దగ్గరికొచ్చి చూసి, "ఎనిమిదిన్నర అంటే నీళ్లు పోస్తున్నట్టే, ఉత్తగ తిరిగితే ఐదారే చూపిస్తది" అన్నాడు. చెప్పులు విడిచి మళ్లీ పడుకున్నాడు. అమ్మ గడపలోకి రాలేదు.

ఇంకొక్కటి అడగాలి. మాకు వానలకు ముందు పిడుగులు ఎక్కువ. మా తోట పక్కనే పోయినేడాది ఒక తాటిచెట్టు మీద పడింది. నేను ఇప్పుడు 6 మీటర్ల ఇనుప పైపు నిలబెట్టాను. దీనికేం చేయాలి?


జడ్చర్ల_బెంచ్:

−71 నుంచి −22! నీ పోస్టు నాన్నకు చదివి వినిపించాను. ఆ సూది లేని యాంటెన్నాను పారేయకు, ఇంకెవరికైనా చూపించడానికి దాచిపెట్టు.

పైపు పిడుగు దారిలో నిలబడిందనే అనుకో. నేరుగా పడితే ఏ పార్టూ నిన్ను కాపాడదు, బోర్డు పోతుంది, అందుకే ఇంకో సెట్టు కట్టి ఇంట్లో ఉంచుకో. మనం ఆపగలిగేది దగ్గర్లో ఎక్కడో పడినప్పుడు తీగల్లో లేచే పోటును. యాంటెన్నాకు, బాక్సుకు నడుమ గ్యాస్ డిశ్చార్జ్ ట్యూబ్ (పోటు వస్తే దాన్ని భూమిలోకి మళ్లించేది) ఉన్న అరెస్టర్ పెట్టు, 90 వోల్టులది చాలు. నీ 14 డీబీఎం అంటే 25 మిల్లీవాట్లు, 50 ఓమ్‌ల్లో పీక్ 1.6 వోల్టులు, ట్యూబ్ దాన్ని పట్టించుకోదు. మామూలు జీనర్ లాంటివి మాత్రం పెట్టకు, వాటి కెపాసిటెన్స్ ఒక్కటే నీ సిగ్నల్‌ను భూమిలోకి దించేస్తుంది.

అరెస్టర్ పెట్టి ఎర్త్ సరిగ్గా వేయకపోతే లేనట్టే లెక్క. పైపు మొదట్లోనే రాడ్ దించి, మందపాటి రాగి తీగతో తిన్నగా కలుపు. చుట్టలు చుట్టొద్దు, మూల దగ్గర చటుక్కున మలచొద్దు. ముందు చెప్పానే మిల్లీమీటరుకు నానోహెన్రీ అని, పిడుగుకు కూడా అదే లెక్క. ఈ రాడ్‌నూ స్టార్టర్ ఎర్త్‌నూ ఒకదానికొకటి కలపాలి, వేర్వేరుగా వదిలితే రెండింటి నడుమ వచ్చే తేడా నీ బోర్డు మీంచే పోతుంది. అది దేవరకొండ అన్నను అడిగి చేయించుకో.

కింది నుంచి వచ్చే 12 వోల్టుల వైరును బాక్సులోకి పోయే ముందు కొంచెం కిందికి వంచి పైకి తిప్పు, వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. కనెక్టర్ల మీద సాగదీసి చుట్టే రబ్బరు టేపు వెయ్యి, మామూలు ఇన్సులేషన్ టేపు మన ఎండలకు ఒక్క వేసవిలోనే ఊడొస్తుంది. ఉరుములు మొదలయ్యాక పైపు దగ్గరికి నువ్వూ పోకు, నాన్ననూ పంపకు. మృగశిర కార్తెకు ముందే ఈ పని ముగించు.